అప్పుల లెక్క సరే, తలుపుల లెక్క చెప్పండి

హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి రాష్ట్ర ప్రభుత్వం తీసుకోబోతున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచీ అందరి నోటా రెండే అంకెలు: ప్రభుత్వం నెత్తికెత్తుకునే అప్పు దాదాపు 13,000 కోట్లు, ఎల్ అండ్ టీకి కట్టే సొమ్ము సుమారు 2,000 కోట్లు. అప్పు సంగతి తేలాల్సిందే. అయితే ఆ 69 కిలోమీటర్ల దారితో పాటు 57 రైళ్లు కూడా మీ చేతికి వస్తున్నాయి. రైలుకు మూడు బోగీలు, బోగీకి ఇటు నాలుగు, అటు నాలుగు తలుపులు. వెరసి 1,368 తలుపులు. అవి ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే కాగితం మా ప్రయాణికుల కంట పడే చోట ఎక్కడా లేదు. ఈ లేఖ దాని కోసమే.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే నల్లద్దాల కార్లే గుర్తొస్తాయి. కానీ సినిమాను మోసే 24 క్రాఫ్ట్స్ వాళ్లలో ఎక్కువమందికి కారు లేదు. కృష్ణానగర్ సందుల్లో అద్దెకుండే జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూమ్ సంచులు మోసే అసిస్టెంట్లు, మేకప్ పెట్టెలు పట్టుకున్నవాళ్లు, ఎడిటింగ్ రూముల్లో పనిచేసే కుర్రాళ్లు యూసుఫ్‌గూడలోనో, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5లోనో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులోనో రైలెక్కుతారు. ఫిల్మ్‌నగర్‌కు స్టేషన్ లేదు కాబట్టి చెక్‌పోస్టులో దిగి ఆటో వెతుక్కోవాలి. వీళ్ల చేతుల్లో సంచులుంటాయి, భుజాన వేలాడే పట్టీలుంటాయి, ఆడవాళ్లకు చీర కొంగులు, చున్నీలు ఉంటాయి. తలుపు ముందు ఎక్కువ ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఇలాంటి వాటితోనే.

ఎందుకో మీకు తెలుసు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. మెట్రో తలుపులన్నీ మూసుకుని గడియ పడ్డాయన్న సంకేతం అందితేనే రైలు కదులుతుంది. మధ్యలో చేయో, పెట్టో అడ్డుపడితే తలుపు మళ్లీ తెరుచుకోవాలి. కానీ అడ్డం పడ్డ వస్తువు మరీ పలచనిదైతే తలుపు అంచుల రబ్బరు దాన్ని తనలోకి ఇముడ్చుకుంటుంది. యంత్రం లెక్కలో తలుపు పడినట్టే. ఆపరేటర్‌కు తలుపులన్నీ పడ్డాయన్న సంకేతమే కనిపిస్తుంది. గుడ్డ కొస మాత్రం తలుపులో ఉండిపోతుంది.

2019 జులైలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో ఒక పెద్దాయన చేయి తలుపులో ఇరుక్కుంది. రైలు కదిలింది, ఆయన ప్రాణం పోయింది. అది పాత రైలు కూడా కాదు. 2023 డిసెంబరులో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్‌లో ఒక తల్లి బట్టలు తలుపులో చిక్కుకున్నాయి. రైలు ఆమెను ఈడ్చుకుపోయింది, రెండు రోజులకు ఆమె చనిపోయింది. బట్ట ఇరుక్కున్నా పసిగట్టే ఏర్పాటును కొన్ని రైళ్లలో పెడతామని ఢిల్లీ మెట్రో ఆ తర్వాత చెప్పింది. మన రైళ్లలో అలాంటిది ఉందా? మన ప్లాట్‌ఫాంల అంచున అడ్డు తలుపులు లేవు, పసుపు గీత ఒక్కటే ఉంది. కాబట్టి భారమంతా రైలు తలుపు మీదే.

ఇక వయసు సంగతి. మన రైళ్లలో మొదటిది కొరియా నుంచి 2014లోనే వచ్చింది. తలుపు రోజంతా స్టేషన్ స్టేషన్‌కూ తెరుచుకుని మూసుకుంటుంది. దాని రోలర్లు, రబ్బర్లు, మోటార్లు, గడియ స్విచ్చులు అరగక తప్పదు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ మోనోరైలునే చూడండి. దాని దారి 1971 నాటిది, రైళ్లు 1989 నుంచి వచ్చినవి. తలుపు తెరిచి ఉండగానే అందులో ఒక రైలు పరుగెత్తుతున్న వీడియోను 2018లో లోకమంతా చూసింది. డబ్బుకు కొదవ లేని సంస్థలోనే అలా జరిగితే, అప్పు నెత్తిన పెట్టుకుని మొదలయ్యే మన సంస్థ మరింత జాగ్రత్తపడాలి.

తలుపు మూసుకోకపోతే ఒక ప్రమాదం, తెరుచుకోకపోతే ఇంకో ప్రమాదం. 2025 ఆగస్టు 19న ముంబై మోనోరైలు కిక్కిరిసిన జనంతో వంతెన మీద ఆగిపోయింది. మోయాల్సింది 104 టన్నులైతే ఆ రోజు బరువు 109 టన్నులు దాటిందని అధికారులు చెప్పారు. కరెంటు పోయింది, ఏసీ ఆగింది. మూసిన పెట్టెలో వందలమంది ఊపిరాడక అల్లాడితే ఫైరింజన్ నిచ్చెనలతో దించారు. మన దారి కూడా స్తంభాల మీదే కదా.

నిర్వహణ అంటే రైలొక్కటే కాదు. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద వానకు తలదాచుకున్న ఒక యువతి, పైనుంచి పెచ్చు ఊడిపడి చనిపోయింది. మెట్రో మొదలై అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

2025 మేలో ఛార్జీలు పెంచినప్పుడు ఎన్ని కిలోమీటర్లకు ఎంతో పట్టిక వేశారు. అంత శ్రద్ధగా ఇవి కూడా చెప్పమని అడుగుతున్నాను:

ఒకటి, ఏ నెలలో ఎన్ని తలుపులు మొరాయించాయో, ఎన్ని రైళ్లు ఒక తలుపును తెరుచుకోకుండా బిగించేసి నడిచాయో ప్రతి నెలా ప్రకటించండి. అలా బిగించిన తలుపు మీద ఆ సంగతి పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, ఆ రైలును ఎన్ని గంటల్లో డిపోకు పంపాలో నియమం పెట్టండి.

రెండు, చున్నీ, చీర కొంగు, బ్యాగు పట్టీ పెట్టి ప్రతి తలుపునూ పరీక్షించండి. ఫలితాలు బయటపెట్టండి.

మూడు, రద్దీ వేళల్లో అమీర్‌పేట, చెక్‌పోస్టు, రాయదుర్గం లాంటి చోట్ల తలుపుల వరుసను కళ్లతో చూసి సైగ చేసే మనిషిని నిలబెట్టండి. జీతాల పొదుపు ఇక్కడ వద్దు.

నాలుగు, వంతెన మీద రైలు ఆగితే ఎన్ని నిమిషాల్లో జనాన్ని దించగలరో మాక్ డ్రిల్ చేసి చెప్పండి. లోపల ఇరుక్కున్నవాళ్లకు ఏం చేయాలో తెలుగులో, ఉర్దూలో వినిపించండి.

ఐదు, రైళ్ల ఓవర్‌హాల్‌కు, విడిభాగాలకు నిధిని విడిగా ఉంచండి. అప్పు వాయిదా కట్టడానికి ఆ డబ్బు మళ్లించకుండా కట్టడి చేయండి.

వీటిలో మొదటిదానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. ఆ వివరాలు ఉప్పల్, మియాపూర్ డిపోల రికార్డుల్లో ఉండాలి. ఉంటే బయటపెట్టడానికి ఒక్క సంతకం చాలు. లేకపోతే, తీసుకుంటున్న ఆస్తి ఎలాంటిదో తెలియకుండానే ప్రభుత్వం తీసుకుంటోందన్నమాట. అలాంటప్పుడు 13,000 కోట్ల అప్పుకు ఏ విలువ చూసి ఒప్పుకున్నారో మాకు చెప్పాల్సి ఉంటుంది.

ఇట్లు,
చెక్‌పోస్టు స్టేషన్‌లో రైలెక్కే ఒక ప్రయాణికుడు