గంటల లెక్కతో ఆటకు తీర్పు

వీడియో ఆట ఒక్కదాని మీదే నూరు, రెండు వందల గంటలు వెచ్చించేవారు కాలాన్ని బూడిదపాలు చేస్తున్నారనే అభిప్రాయం తెలుగునాట ఇంచుమించు తిరుగులేని తీర్పుగా స్థిరపడిపోయింది. ఆ తీర్పు చెప్పేవారు ఆట పేరు గాని, దాని స్వభావం గాని అడగరు. గంటల సంఖ్య చెవిన పడగానే వ్యసనమనే ముద్ర వేస్తారు. నిద్ర మాని, చదువు మాని ఆడే పిల్లవాడి గురించి పెద్దలు ఆందోళన పడడం న్యాయమే గాని, వారు చేతబట్టిన కొలబద్ద తప్పు.

అన్ని గంటలు పట్టే ‘ఓపెన్ వరల్డ్’ ఆట ఆటగాడిని వరుస దశల గుండా నడిపించదు. కొండలు, అడవులు, ఊళ్లు గల ఒక పెద్ద భూభాగంలో వదిలి, ఎటు వెళ్లాలో, ఏ పని ముందు చేయాలో అతనికే విడిచిపెడుతుంది. ప్రధాన కథను పక్కనపెట్టి, దారిలో తారసపడినవారు అప్పగించే పనుల వెంట వెళ్లే ఉపకథలను ‘సైడ్ క్వెస్టు’లంటారు. 2011 నాటి స్కైరిమ్, 2015 నాటి విచర్ 3, 2018 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఈ కోవలోనివి. ఫోన్లలో విరివిగా ఆడే బీజీఎంఐ అనే ఆట జాతి వేరు: దాని ప్రధాన పోటీలో నూరుమంది దాకా ఒకే దీవిలో దిగి, చివరిదాకా మిగిలినవారు గెలుస్తారు. రెంటినీ ఒకే గాటన కట్టి తిట్టడం విమర్శ అనిపించుకోదు.

ఉపకథల వెంట దారి మళ్లే ఈ కథన పద్ధతి గోదావరి సీమకు కొత్తదీ కాదు. రాజమండ్రికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా వెలువరించిన కాశీమజిలీ కథల్లో, కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు తోడుగా వచ్చిన పశులకాపరి కుర్రవాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలి. ఆ కుర్రవాడు ఊళ్లో తిరిగి ఏ వింతను చూసి వస్తే దాని వృత్తాంతాన్నే విప్పాలి. గమ్యం కాశీయే అయినా పాఠకుడికి కావలసింది దారి. కథలో కథ పుట్టి ప్రయాణం ఎంత ఆలస్యమైతే అంత సంబరం. అలాగే, ఈ సీమలోనిదే అయిన పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర జ్యేష్ఠ అమావాస్యకు మొదలై ఆషాఢమంతా వీధి సంబరాలతో సాగుతుంటే, ఎన్ని రాత్రులు పోయాయని అక్కడ లెక్క కట్టేవారు లేరు. జాతర నలుగురితో చేసేది, ఆట ఒంటరిది అనే ఆక్షేపణ రావచ్చు. అయితే పన్నెండు భాగాలను ఒంటరిగా కూర్చుని చదివినవారిని ఈ సీమ చదువరులనే పిలిచింది.

కొన్ని కథలకు నిడివి అవసరం. విచర్ 3లో ఒక ప్రభువు తన భార్య, కూతురు కనిపించడం లేదని, వెతికి పెట్టమని కథానాయకుణ్ణి కోరుతాడు. జాడలు పోగుచేసేకొద్దీ, తాగి భార్యను కొట్టినవాడు ఆ ప్రభువేనని, వారిద్దరూ పారిపోయింది అతని ఇంటి నుంచేనని బయటపడుతుంది. అంతటితో అతన్ని అసహ్యించుకుని వదిలేయడానికి ఆట ఒప్పుకోదు. అతని పశ్చాత్తాపాన్నీ చూపి, ఆ తర్వాత నిర్ణయాలు తీసుకోమంటుంది. ఎటు మొగ్గినా మచ్చలేని ముగింపు దొరకదు. మనిషి మీద తొందరపడి తీర్పు చెప్పకూడదని అనుభవంలోకి తెచ్చే ఈ పనిని పది నిమిషాల్లో ముగించమంటే అది చాడీగా మిగులుతుంది.

వైద్యశాస్త్రం సైతం గంటలతో తూచడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉన్న మాట నిజమే. ఆట మీద అదుపు తప్పడం, తక్కిన జీవితం కంటే ఆటే ముఖ్యమైపోవడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా పన్నెండు నెలలు కొనసాగి బతుకును దెబ్బతీయడం దాని లక్షణాలు. ఇన్ని గంటలు దాటితే రోగమనే హద్దు అందులో లేదు.

విచిత్రమేమంటే, నిందించేవారి కొలబద్దే అమ్మేవారి చేతిలోనూ ఉంది. 2022 జనవరిలో డయింగ్ లైట్ 2ను పూర్తిగా ఆడడానికి కనీసం 500 గంటలు పడుతుందని దాని తయారీదారు టెక్‌లాండ్ గొప్పగా ప్రకటించింది; ఆటగాళ్లే విసుక్కోవడంతో ప్రధాన కథకు సుమారు 20 గంటలు చాలని సర్దిచెప్పుకుంది. నిడివినే నాణ్యతగా భావించే వ్యాపారికీ, నిడివినే నేరంగా భావించే సంస్కర్తకూ తేడా స్వల్పం.

నిజంగా నిలదీయవలసింది పట్టి ఉంచే ఏర్పాట్లను. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ కూడా విశాల ప్రపంచమే, ఉచితమే; కానీ అందులో రోజూ వచ్చి తీర్చవలసిన పనులుంటాయి, ఏ పాత్ర వస్తుందో తెలియకుండా డబ్బు ఖర్చుపెట్టించే ‘గాచా’ అనే లాటరీ పద్ధతి ఉంటుంది. ప్రధాన కథకు ముగింపు ఉన్న రెండు వందల గంటల ఆట కంటే, రోజుకు అరగంటే అడుగుతూ ఏళ్ల తరబడి వదలని ఆట ప్రమాదకరం కావచ్చు. గంటల లెక్కకు ఆ తేడా దొరకదు.

ఆట కట్టేసి ఆరుబయట తిరగమనేది మిగిలిన సలహా. తిరగవలసిందే, పెద్దాపురంలో పాండవుల మెట్ట, దాని మీది గుహలు ఉండనే ఉన్నాయి. అయితే ఓపెన్ వరల్డ్ ఆటలకు దారి తీసిన 1986 నాటి జెల్డా ఆటను రూపొందించిన షిగెరు మియామోటో, బాల్యంలో క్యోటో సమీపాన సోనోబే కొండల్లో, గుహల్లో తిరిగిన అనుభవమే దానికి ప్రేరణ అని చెప్పుకున్నాడు. గుహలోకి తొంగిచూసే కుతూహలమూ ఈ ఆటలూ పగవాళ్లు కావు.

కాబట్టి పెద్దలు ‘ఎన్ని గంటలు ఆడావు?’ అనే ప్రశ్నను కొంతకాలం పక్కనపెట్టి, ‘ఏం జరిగింది, నువ్వెందుకు అలా చేశావు?’ అని అడిగి చూడాలి. జవాబుగా కథ వస్తే కూర్చుని వినాలి. రేపటిలోగా తీర్చవలసిన పనుల జాబితా, కొనవలసిన లాటరీ టిక్కెట్ల లెక్క వస్తే అప్పుడు మందలించాలి.