కాళ్ళ దగ్గర గొర్రె

ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో ఫొటోలన్నీ ఒకే వరసలో ఉంటాయి. టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు, స్టోన్‌హెంజ్ రాళ్ళు, బాత్‌లో రోమన్ల స్నానాల కొలను. పొద్దున బస్సెక్కించి సాయంత్రానికి మూడు ఊళ్ళు చూపించే ప్యాకేజీ కొనుక్కుంటే అంతకన్నా ఏమొస్తాయి? నడుమ పల్లెలు కిటికీలోంచి పచ్చగా జారిపోతాయి. ‘ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో’ అని ఒక మాట అనేసి కునుకు తీస్తాం. ఆ పచ్చదనం మధ్య అంతంత రాతి మేడలు ఎవరు కట్టారు, డబ్బెక్కడిది అని అడగాలంటే బస్సు ఆగదు. కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి కారు అద్దెకు తీసుకుని పల్లెదారులు పట్టడమే మేలని నా అభిప్రాయం. చూడటానికి వెళ్ళినవాళ్ళకు మన లైసెన్సు అక్కడ ఏడాదిపాటు చెల్లుతుంది. బండి నడిపేదీ మనలాగే ఎడమ పక్కన.

మర్యాద మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. పెద్ద రోడ్డు దిగగానే దారి ఒక్క కారు వెడల్పుకు వచ్చేస్తుంది. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచెలు. ఎదురుగా ట్రాక్టరు వచ్చిందా, ఒదిగి నిలబడే జాగా ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. మేం వెళ్ళినప్పుడు బండి తోలినవాడిది పిఠాపురం వైపు, ఉద్యోగం రీడింగ్‌లో. మొదట్లో వాడి చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోయి ఆగేది. ట్రాక్టరు ఆసామి స్టీరింగ్ వదలకుండా ఒక్క వేలు పైకెత్తి వెళ్ళిపోతాడు. కృతజ్ఞత చెప్పడం అంతే. మధ్యాహ్నానికి మావాడి వేలు కూడా దానంతటదే లేవసాగింది.

రీడింగ్ నుంచి కాస్త దూరంలోనే స్టోక్ రో అనే పల్లె ఉంది. చిల్టర్న్ కొండల్లో సుద్దరాయి నేల. పడ్డ వాన పడ్డట్టు ఇంకిపోయేది, ఊళ్ళో నీళ్ళకు కటకట. ఇంట్లో ఉన్న కాసిని నీళ్ళూ తాగేశాడని ఒక పిల్లవాణ్ణి తల్లి కొట్టిందట. ఆ ప్రాంతానికి చెందిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి ఈ సంగతిని కాశీలో మహారాజా ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడు. రాజుగారు ఆ పల్లెకు బావి తవ్వించారు. 1864లో ప్రారంభమైంది. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా మనుషులు చేత్తో తవ్విందే. కుతుబ్ మినార్‌ను అందులో దించితే ఇంకా నూరడుగులకు పైగా మిగులుతుంది. పైన చిన్న గుమ్మటం, దాని కింద చేదే యంత్రం, ఆ యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. బావి నిర్వహణకు ఆదాయం రావాలని పక్కనే చెర్రీ తోట కూడా వేయించారు. దానం చేసి ఊరుకోకుండా దాని ఖర్చు కూడా ఆలోచించిన ఆ పెద్దమనిషి నాకు నచ్చాడు. మాలో కడప స్నేహితుడు కటకటాల్లోంచి లోపలికి తొంగిచూసి, ‘మా ఊళ్ళో బోరు ఇంతకన్నా లోతు, నీళ్ళే లేవు’ అన్నాడు.

అక్కడి నుంచి వాయవ్యంగా వెళ్తే కాట్స్‌వోల్డ్స్. తేనెరంగు సున్నపురాయి ఇళ్ళు, పెంకుల్లా పేర్చిన రాతిపలకల కప్పులు. బర్ఫర్డ్ చర్చిలో జ్ఞానస్నానపు తొట్టికి వేసిన సీసపు రేకు మీద ఒక ఖైదీ తన పేరూ, 1649 అన్న ఏడూ గీసి పెట్టాడు. క్రామ్‌వెల్ సైన్యంలోంచే తిరగబడ్డ లెవెలర్లు అనే సిపాయిలను ఆ చర్చిలో బంధించి, ముగ్గుర్ని బయట గోడ దగ్గర కాల్చేశారు. జీతాల బకాయిలు తీర్చాలనీ, ఐర్లండ్ మీద యుద్ధానికి పోబోమనీ వాళ్ళ పేచీ. మన గోల్కొండ గోడల మీద పేర్లు గీసేవాళ్ళను తిట్టే నేను ఆ గీతలను మాత్రం చాలాసేపు చూశాను.

నేను అసలు చెప్పదలచుకున్నది నార్త్‌లీచ్ సంగతి. మధ్యయుగాల్లో ఇంగ్లండుకు కాసులు కురిపించింది ఉన్ని. ఇప్పటికీ ప్రభువుల సభలో సభాపతి కూర్చునేది ఉన్ని కూరిన ఎర్రటి దిండు మీదే. ఆ ఉన్ని డబ్బుతో ఈ చిన్న ఊళ్ళో ఊరికి మించిన చర్చి లేచింది. నేలమీద వర్తకుల సమాధులకు ఇత్తడి రేకులు తాపారు. 1458లో పోయిన జాన్ ఫోర్టీ అనే వర్తకుడు నిండు గౌనులో చేతులు జోడించి ఉంటాడు. ఒక పాదం గొర్రె మీద, ఒకటి ఉన్ని బస్తా మీద. ఆ గొర్రె ముద్దుగా తల ఎత్తి ఉంటుంది. తన అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడి ముందు దాచుకోలేదు ఆయన.

ఆ నిజాయితీ తర్వాతి కాలంలో మన దేశంలో సంపాదించుకుపోయిన దొరలకు లేదు. కాస్త దూరంలో డేల్స్‌ఫర్డ్ ఉంది. వారన్ హేస్టింగ్స్ తన పూర్వీకులు పోగొట్టుకున్న ఎస్టేటును 1788లో తిరిగి కొన్నాడు. అదే ఏడు పార్లమెంటులో ఆయన మీద అభిశంసన విచారణ మొదలైంది. ఏడేళ్ళు నడిచి నిర్దోషి అన్నారు. ఈలోపు ఇల్లు లేచింది. దాని వాస్తుశిల్పి శామ్యూల్ పెపీస్ కాకరెల్ ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో గడించి వచ్చిన తన తమ్ముడికి సెజిన్‌కోట్ కట్టిపెట్టాడు. అది చూడాల్సిందే. పచ్చబడ్డ రాగి గుమ్మటం, మొగలు కమానులు, తోటలో వంతెన మీద నందులు! ఆ నందుల ముందు నిలబడి మా కడపవాడు అప్రయత్నంగా చెప్పులు విడిచాడు. నవ్వాం గానీ మాకూ విడవాలనే అనిపించింది. ఒక్క మాట ఒప్పుకోవాలి. డబ్బు ఏ దేశంలో సంపాదించాడో ఈ ఒక్కాయన ఇంటి నెత్తినే చూపించాడు.

ఇక ష్రూస్‌బరీ. సెవర్న్ నది చుట్టూ మెలిక తిరిగిన ఊరు, నల్లచెక్కల చట్రాల పాత ఇళ్ళు. డార్విన్ పుట్టింది ఇక్కడే. చౌరస్తాలో 1596 నాటి పాత మార్కెట్ భవనం ఉంది, వేల్స్ ఉన్నిబట్టల బేరాలు అందులో సాగేవి. దానికి దగ్గర్లోనే రాబర్ట్ క్లైవ్ విగ్రహం. 1860లో పెట్టారు. 2020లో తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు కొట్లాడుకుంటే కౌన్సిల్ ఉంచాలనే తేల్చింది. మా పిఠాపురం వాడు పైకి చూస్తూ, ‘మా అమ్మమ్మగారి ఊరికి చందుర్తి ఎంతో దూరం లేదు’ అన్నాడు. 1758లో ఫ్రెంచివాళ్ళను అక్కడ ఓడించిన ఫోర్డ్ అనే సైన్యాధికారిని బెంగాల్ నుంచి పంపింది ఈ క్లైవే. 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించిందీ ఈయనే. విగ్రహం తీస్తే మనకు ఒరిగేది ఏమీ లేదని నా అభిప్రాయం. దాని పక్కన చందుర్తి పేరు రాసిన బోర్డు పెడితే ఒరుగుతుంది.

వేల్స్ సరిహద్దు దాటాక పోవిస్ కోట. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ ఆ ఇంటి ఆడపిల్లను పెళ్ళాడటంతో క్లైవుల సొత్తు అక్కడికి చేరింది. టిప్పు సుల్తాన్ సింహాసనం మీది పులి తల ఒకటి అద్దం వెనక ఉంటుంది. పూలకుండీల అద్దకంతో నూలుగుడ్డ డేరా ఒకటి ఉంది, టిప్పుదే. దాన్ని ఒకప్పుడు తోట విందులకు షామియానాగా వాడుకున్నారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు ఈ ఎడ్వర్డే. మరుసటేడు నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీకి వచ్చినప్పుడూ ఈయనే. అంటే తండ్రి హయాంలో సర్కారు జిల్లాలు, కొడుకు హయాంలో రాయలసీమ. ఒక్క కారులో కూర్చున్న మా స్నేహితులిద్దరి జిల్లాలూ ఒక్క ఇంటి ఖాతాలో తేలాయి.

ఆ కోటను చూసుకునే నేషనల్ ట్రస్టు 2020లో ఒక నివేదిక వేసింది. తన చేతిలోని 93 కట్టడాలకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని పేర్లతో సహా చెప్పింది. దాని మీద అక్కడి పెద్దలు కొందరు చిందులు తొక్కారు. ఆదివారం పూట తోట చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఈ పాఠాలెందుకని వాళ్ళ ఏడుపు. అయిదున్నర శతాబ్దాల కిందటి ఉన్ని వర్తకుడికి రాని సిగ్గు వీళ్ళకెందుకో! మనమూ తక్కువేం కాదు. లోపల ఆ డేరా పక్కన నిలబడి సెల్ఫీ దిగి, టీ గదిలో స్కోన్ల మీద జామ్ ముందా మీగడ ముందా అని తగువు పడుతున్న తెలుగు కుటుంబాన్ని కళ్ళారా చూశాను.

తిరుగు ప్రయాణంలో పిఠాపురం వాడు డార్కింగ్ పోదామని పట్టుబట్టాడు. సర్ ఆర్థర్ కాటన్ 1899లో పోయింది ఆ ఊళ్ళోనే. ‘మీ గోదావరి దొరకి మీరు దండం పెట్టుకోండి’ అన్నాడు కడపవాడు. ధవళేశ్వరం ఆనకట్ట అంచనాల్లో శిస్తు ఎంత పెరుగుతుందన్న లెక్క కూడా ఉందని గుర్తు చేశాడు. ‘ఉంటే ఉండనీ, నీళ్ళొచ్చాయా లేదా?’ అని వీడు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పడం నా వల్ల కాలేదు. డార్కింగ్‌లో పార్కింగ్ ఎక్కడో మాత్రం కడపవాడే ఫోన్లో వెతికి పెట్టాడు.