ఆరోగ్య ప్రసంగం: అంతా వేడి చేయడమేనా?

మా శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కొన్నింటికి పేరుండదు. అటువంటిది ఒకటి గత మాసం వచ్చింది. వ్రాసినది ఒక సోదరి. భర్త బొగ్గుగనిలో పని చేస్తారు. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా మంట, పొత్తికడుపులో నొప్పి, మూడు నెలలుగా ఉన్నవట. అత్తగారు వేడి చేసిందని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు ఇచ్చారట. తగ్గలేదు. ఉత్తరం చివర ఇట్లా ఉన్నది: “మావారికి కూడా ఆ మధ్య ఇట్లాగే మంట వచ్చి, మందుల షాపులో ఏవో మాత్రలు కొని మింగారు. ఎందుకని నేను అడగలేదు.”

ఆ చివరి మాట కోసమే ఈ నెల ఈ విషయం తీసుకొన్నాము. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇది మర్యాదా అని కొందరు అడుగవచ్చు. మర్యాదకు వెరచి ఒక ఇల్లాలు మూడు నెలలు బాధపడింది. మేము ఊరకుంటే మరొకరు ఆరు నెలలు పడతారు.

చంద్రపూరు ఎండల సంగతి మనకొకరు చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. ఈ మంటను మన పొరుగు మరాఠీవారు “ఉన్హాళీ లాగలీ” అంటారు. జబ్బుకు ఎండాకాలం పేరే పెట్టారన్నమాట. మనం “వేడి చేసింది” అంటాము. ఇందులో నిజం లేకపోలేదు. చెమటగా నీరంతా పోయి, త్రాగేది తక్కువైతే మూత్రం చిక్కబడి, పచ్చబడి, మంట పుట్టిస్తుంది. రాళ్ళు ఏర్పడటానికీ అదే దోవ. అయితే నీళ్ళు, మజ్జిగ బాగా పుచ్చుకొంటే ఆ మంట ఒకటి రెండు రోజులలో తగ్గాలి. తగ్గకపోతే ఎండను నిందించడం మాని వైద్యునివద్దకు వెళ్ళాలి.

స్త్రీలలో ఎక్కువగా కనిపించే కారణం మూత్రాశయంలో సూక్ష్మక్రిములు చేరడం. స్త్రీలకు మూత్రనాళం పొట్టిది గనుక క్రిములు సులువుగా లోపలికి పోతాయి. ఇది సుఖవ్యాధి కాదు. నడవడికతో దీనికి నిమిత్తం లేదు. పెండ్లి కాని పిల్లలకూ, ముసలివారికీ వస్తుంది. మూత్రపరీక్షలో తెలుస్తుంది, తగిన మందుతో నయమవుతుంది.

మరొక కారణం సుఖవ్యాధులు. పెద్దలు “సెగ” అనే గనోరియా, దానికి తోడుబోతు వంటి క్లమీడియా ముఖ్యమైనవి. మగవారికి మంటతో పాటు చీము వంటిది కారవచ్చు. స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ కనబడదు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. లోలోపల గర్భనాళాలు వాచి, మూసుకొని, సంతానం లేకుండా పోవచ్చు. గనోరియా ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు కండ్లు పోయే భయమున్నది. ఈ క్రిములు నెలల తరబడి చప్పుడు లేకుండా ఉండగలవు గనుక, ఈ రోజు మంట వచ్చినంత మాత్రాన నిన్న ఎవరో తప్పు చేశారని తీర్మానించరాదు. అనుమానంతో కాపురాలు చెడగొట్టుకోవద్దని మనవి.

దాచుకోవడం ఒక్క ఇంటి సంగతి కాదు. 1982 వరకు మన చంద్రపూరు జిల్లాలోనే ఉండిన గడ్చిరోలీ ప్రాంతంలో డాక్టరు రాణీ బంగ్, డాక్టరు అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి, ఫలితాలను 1989లో “లాన్సెట్” అనే వైద్యపత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నది. అన్నీ సుఖవ్యాధులు కావు గాని, అంతకు ముందు పరీక్ష, చికిత్స పొందినవారు నూటికి 8 మందే!

ఇక చేయవలసినదేమి? షాపులో అడిగి మాత్రలు మింగడం మానాలి. ఒకనాడు పెన్సిలిన్ సూదితో లొంగిన గనోరియా, అరకొర మందుల మూలాన నేడు అనేక మందులకు లొంగడం లేదు. జిల్లా ఆసుపత్రులలోను, వైద్య కళాశాలల ఆసుపత్రులలోను “సురక్షా క్లినిక్” అని ప్రభుత్వం నడిపే విభాగాలున్నవి. అక్కడ పరీక్ష, మందు ఉచితం. సంగతి గోప్యంగా ఉంచుతారు. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. సుఖవ్యాధి అని తేలితే భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు పుచ్చుకోవాలి. వైద్యుడు సరేననేవరకు దూరంగా ఉండాలి. ఒక్కరే వాడితే రెండవవారినుండి జబ్బు మళ్ళీ తిరిగివస్తుంది. చలిజ్వరం, నడుము ప్రక్కల నొప్పి, మూత్రంలో నెత్తురు కనబడినా, మూత్రం బిగిసినా, గర్భిణికి మంట వచ్చినా ఆ రోజే వెళ్ళాలి.

ఉత్తరం వ్రాసిన సోదరికి: అమ్మా, మీ జబ్బేమిటో పరీక్ష చేయకుండా మేము చెప్పలేము. రేపే ఆసుపత్రికి వెళ్ళండి. మీవారిని వెంట తీసుకొని వెళ్ళండి. ఆయన మింగిన మాత్రల సంగతి వైద్యునికి ఆయన నోటనే చెప్పించండి. సోదరులకు మా మాట ఒక్కటే: మీరు దాచిన మంట మీ ఇంట్లోనే మరొకరు అనుభవిస్తారు.