పురుగును చూసి చీ అనొద్దు



మన హాస్టల్లో ఎవరినైనా తిట్టాలంటే "నువ్వొక పురుగువి" అంటాం. దసలి పట్టు పెంచే ఇళ్ల పిల్లలనైతే కొందరు "పురుగులోళ్లు" అని పిలుస్తున్నారు. మా ఇల్లు కూడా అలాంటిదే. మా అమ్మ పిట్టలు తినకుండా ఆ పురుగులకు కాపలా కాసి, కాయలు అమ్మి నాకు పెట్టె, చెప్పులు కొన్నది. ఆ పిలుపు మానాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

పురుగులు ఎక్కడ పుడతాయి? పేడలో, బురదలో, కుళ్లిన పండులో. అక్కడ సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. పురుగుకు డాక్టరు లేడు, మందు లేదు. మనకున్న యాంటీబాడీలు కూడా దానికి ఉండవు. మరి ఎట్లా బతుకుతుంది?

స్వీడన్‌లో హాన్స్ బోమన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు సెక్రోపియా అనే అమెరికా పట్టుపురుగు ప్యూపాలకు బాక్టీరియాను ఎక్కించి చూశారు. ప్యూపా రక్తంలో కొత్తగా చిన్న ప్రోటీన్లు తయారయ్యాయి. అవి బాక్టీరియా పైపొరకు చిల్లులు పెట్టి చంపుతాయి. వాటి పేరు సెక్రోపిన్లు. వాటి నిర్మాణాన్ని 1981లో ప్రకటించారు.

తర్వాత 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండు ఈగ మీద పరిశోధన చేసింది. టోల్ అనే జన్యువు చెడిపోతే ఈగ బూజు సోకి చచ్చిపోతుంది. శత్రువు వచ్చిందని ఒళ్లంతా చాటింపు వేయించేది అదే. అలాంటివే మన ఒంట్లో కూడా ఉన్నాయని ఆ తర్వాత తేలింది. 2011లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో హాఫ్‌మన్ ఒకరు.

మహదేవపూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద పెంచే మన దసలి పురుగు, ఆ సెక్రోపియా ఒకే కుటుంబానివి. చూశారా, మనం చీ అన్నదాని చుట్టాన్ని పెద్ద శాస్త్రవేత్తలు గురువుగా పెట్టుకున్నారు! మందులకు బాక్టీరియా లొంగకుండా మొండికేస్తున్న ఈ రోజుల్లో ఇలాంటి ప్రోటీన్ల మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి.

అట్లని ఎవరూ పురుగును నూరి పుండుకు రాయకండి. పుండయితే నర్సమ్మకే చూపించాలి. ఈగ వాలిన అన్నం తినొద్దు. ఈగ తన ప్రాణం కాపాడుకుంటుంది గానీ, కాళ్లతో మనకు రోగం తెస్తుంది.

వార్డెన్ మేడంగారికి ఒక మనవి. నాలుగు దసలి కాయలు తెప్పించి సైన్సు గదిలో పెట్టనివ్వండి. కాయలోంచి రెక్కల పురుగు బయటికి వచ్చేది అందరం చూస్తాం. దాని సంగతులు ఆ ఇళ్ల పిల్లలే చెప్తారు. పుస్తకంలో లేనివి చాలా వాళ్లకు తెలుసు. అవి విన్నాక ఎవరూ వెక్కిరించరు.

– ఒక విద్యార్థిని, 9వ తరగతి