జాతిగుణమా? శిక్షణమా?

మాసిడోనియా ప్రభువగు అలెగ్జాండరు పారసీక సామ్రాజ్యమును గూల్చిన కథను మన విద్యాలయములు తరతరములుగ బోధించినవి. కథ నిజమే. దానికి తగిలించిన నీతియే నిజము కాదు. ఐరోపావాసి స్వభావముచేతనే స్వతంత్రుడట. ఆసియావాసి స్వభావముచేతనే దాసుడట. కావుననే కొలదిమంది యవనులు లెక్కకు మిక్కిలియగు పారసీకులను తరిమివేసిరట! 1947లో దొరతనము పోయినది గాని ఈ పాఠము పోలేదు. దీనిని నేటికిని వల్లెవేయు విద్యావంతులు మనలో గలరు. ఈ తీర్పును మరల విచారణకు దేవలసియున్నదని మేము తలంచుచున్నాము.

తీర్పు చెప్పినవారెవరు? ఆసియా జనులకు బుద్ధియున్నను ధైర్యము లేదనియు, అందుచేతనే వారు పరుల యేలుబడిలో మ్రగ్గుచుందురనియు తన రాజనీతి గ్రంథమున వ్రాసినవాడు అరిస్టాటిలు. ఇతడు అలెగ్జాండరునకు విద్యగరపిన గురువు. వాదికి గురువైనవాడే న్యాయపీఠ మెక్కినచో తీర్పెట్లుండునో వేరుగ జెప్పనేల? ఇరువది రెండు శతాబ్దముల పిమ్మట, 1851లో, లోకగతిని మార్చిన పదునైదు యుద్ధములను గూర్చి గ్రంథము వ్రాసిన క్రీసీ యను ఆంగ్లేయుడు అర్బెలా పేర ఈ యుద్ధమునకును అందు స్థానమిచ్చెను. ఆయనయే 1860లో సింహళమునకు ప్రధాన న్యాయాధిపతియై వచ్చెను. నాడు గెలిచినవారు వ్రాసికొన్న చరిత్రను పిమ్మట గెలిచినవారు తమ కనుకూలముగ చదివికొనిరి.

ఇక సాక్ష్యమును జూతము. పరాక్రమము రక్తమునందే యున్నచో, క్రీ. పూ. 539లో బాబిలోనును గైకొని, సింధునది మొదలు ఏజియను సముద్రము వరకు రెండు శతాబ్దములు రాజ్యమేలిన పారసీకుల రక్తమెట్టిది? క్రీ. పూ. 359 ప్రాంతమున ఇల్లిరియనుల చేతిలో రాజును, నాలుగువేల సైనికులను గోల్పోయి నేలబడిన మాసిడోనియనుల రక్తమెట్టిది? పాతికేండ్లలో రక్తము మారలేదు. మారినది సైన్యము.

మార్చినవాడు అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పు. బాల్యమున థీబ్సు నగరమున బందీగ నుండి, క్రీ. పూ. 371లో స్పార్టాను ఓడించిన ఎపమినోండాసు యుద్ధవిద్యను కన్నులార జూచినవాడు. స్వదేశమునకు వచ్చి కాపులను, గొఱ్ఱెలకాపరులను జేర్చి సైనికులను జేసెను. ఒక్కొక్కనికి పండ్రెండు మూరల సరిస్సా యను ఈటె నిచ్చి, రెండు చేతుల బట్ట నేర్పెను. ముందు వరుసలవారు ఈటెలను చాచిరేని వెనుక వరుసల మొనలును వారి ప్రక్కలనుండి ముందుకు పొడుచుకొని వచ్చును; శత్రువునకు మనుష్యుడు కాన్పింపడు, ముండ్లకంచె కాన్పించును. అట్టి వ్యూహము చెదరక నడచుటకు ప్రతిదినమును కవాతు కావలెను. ఫిలిప్పు బండ్లను మాన్పించెను. పదిమంది పదాతులకు ఒక్క సేవకుని మాత్రమే యనుమతించెను. ముప్పది దినముల పిండిని వారి వీపులపైననే మోయించెను. ఈ కష్టమే ఆ జయమునకు మూలధనము.

ఆ సైన్యమున ఏ దళమునకును ఒంటరి పని లేదు. ఈటెల పదాతులు దాగలి వలె శత్రువును నిలిపి పట్టుదురు. రాజు నాయకత్వమున ‘సహచరు’లను ఆశ్వికులు, సంఖ్యకు 1,800 మంది, త్రికోణాకారముగ సాగి, అదను దొరికిన చోట సమ్మెట వలె పడుదురు. ఈ రెంటి నడుమ అతుకు విడకుండ మూడువేల హిపాస్పిస్టులు నడతురు. ఎడమదిక్కున థెస్సలీ ఆశ్వికులు, అంచున అగ్రియాను బల్లెగాండ్రు. ఇవి యన్నియు ఒక్క ఆజ్ఞకు కదలును.

ఎదుటిపక్షమున నేమి గలదు? ధైర్యము గలదు, ధనము గలదు, సంఖ్య గలదు. ఒక్క ఆజ్ఞ లేదు. క్రీ. పూ. 334లో అలెగ్జాండరు ఇంచుమించు ముప్పదివేల పదాతులతో, అయిదువేల ఆశ్వికులతో ఆసియాలో దిగినపుడు, డేరియసు కొలువులోని యవన సేనాని మెమ్నను, పైరులను తగులబెట్టి వెనుకకు తగ్గుడు, పగవాడు ఆకలితో చచ్చునని చెప్పెను. తన ప్రజల యిల్లొక్కటియు కాలనీయనని ఒక క్షత్రపుడు పట్టుబట్టెను. కడకు గ్రానికసు నదీతీరమున ఆశ్వికులను ముందు నిలిపి, కూలికి దెచ్చిన యవన పదాతులను వెనుక ఊరక నిలిపిరి. ఆశ్వికులు ఓడినపిమ్మట ఆ పదాతులు తెగటారిరి. క్రీ. పూ. 333లో ఇస్ససు కడ, కొండకును కడలికిని నడుమ ఇరుకున, డేరియసు సంఖ్యాబలము నిరర్థకమయ్యెను. అయినను ఆనాడు మాసిడోనియా వ్యూహము నదిగట్టున చీలగా, ఆ చీలికలో జొరబడి ప్రముఖులు 120 మందిని గూల్చినవారు డేరియసు పక్షపు యవనులే! యవనరక్తము రెండు వైపులను పోరాడినది. ఇక జాతుల యుద్ధమను మాట యెక్కడిది?

క్రీ. పూ. 331 అక్టోబరు 1వ తేదీన గాగమేలా మైదానమున డేరియసు తనకు వలయు నేలను తానే చదునుచేయించెను. కత్తులు బిగించిన రథములు 200, ఏనుగులు 15, విశాలమైన ఆశ్వికబలము సిద్ధపరచెను. అలెగ్జాండరు పక్షమున మొత్తము 47,000 మంది. అతడు చుట్టుముట్టబడుదునని యెఱిగి, ముందు శ్రేణికి వెనుక రెండవ శ్రేణిని నిలిపి, చదునుచేసిన నేలను దాటి కుడికి కుడికి జరిగెను. రథములు రాగా బల్లెగాండ్రు సారథులను పడగొట్టిరి. పదాతులు వరుసలు విప్పి త్రోవయిచ్చిరి. అలెగ్జాండరును అడ్డగింప పారసీకుల ఎడమదళము చాగగా మధ్య సందు వడెను. సహచరులతో అతడా సందున డేరియసుపైకి దూకెను. డేరియసు పలాయితుడయ్యెను.

అయితే ఆ ముహూర్తముననే పార్మెనియను ఏలుచున్న మాసిడోనియా ఎడమదళము కూలబోవుచుండెను. పారసీక ఆశ్వికులును, వారితో మన సింధుతీరపు ఆశ్వికులును వ్యూహమును చీల్చికొని సామానుల విడిది వరకు జొచ్చిరి. ధైర్యము లేనివారు చేయగల పనియా యిది? కాని, మరలి పదాతుల వీపున దాకుడని వారి కాజ్ఞాపించువాడు లేడు. సామాను కొల్లగొట్టుచుండగా రెండవ శ్రేణి మరలి వారిని పడగొట్టెను. గాగమేలాలో ఓడినది ఆసియా గుండె కాదు. ఆజ్ఞ లేని గుంపు.

స్వాతంత్ర్యము దాస్యమును జయించెనను మాటయు నిలువదు. ఆసియాకు దాటుటకు మునుపటి యేడే, క్రీ. పూ. 335లో, ఈ స్వాతంత్ర్యవీరుడు థీబ్సు నగరమును నేలమట్టముచేసి, ఆరువేల మందిని జంపి, ముప్పదివేల మందిని బానిసలుగ నమ్మించెను. వారు యవనులు కారా? గ్రానికసున చిక్కిన రెండువేల యవనులను సంకెళ్లు వేసి చాకిరికి పంపెను. క్రీ. పూ. 330లో పెర్సెపోలిసు ప్రాసాదములను బూడిదచేసెను. అతని సాహసమును మేము కాదనము. అది విమోచన మనుటను మాత్రము ఒప్పుకొనము.

తుదిసాక్ష్యము పిడ్నా. క్రీ. పూ. 168లో ఆ మాసిడోనియనులే, ఆ ఈటెలతోనే, ఎగుడుదిగుడు నేలపై వ్యూహము విచ్చిపోగా, చీలికలలో దూరిన రోమకుల పొట్టికత్తులకు బలియైరి. ఐరోపా రక్తము ఆనాడేమయ్యెను?

పాఠకులారా! ఓటమి మన జాతిగుణమని నిట్టూర్చువాడును, గెలుపు మన జాతిగుణమని మీసము దువ్వువాడును ఒక్క పనినే తప్పించుకొనుచున్నారు. అది దినదినమును చేయవలసిన సాధన. సభకు వేలకొలది వచ్చిరని సంతసించి మరునాడు నలుగురు కార్యస్థానమునకు రాని సంఘములు, పదిమంది నాయకులకు పది ఆజ్ఞలుగల పక్షములు మనకు కొఱవడలేదు. అట్టి సేనతోనే డేరియసు గాగమేలాకు వచ్చెను. మన బిడ్డలకు ఈ చరిత్రను చెప్పునపుడు రక్తము మాట మాని, కవాతు మాట చెప్పుదము. మొదట మనము కవాతు చేయుదము.