పల్లెకు వ్యాయామమేల?

“పొలము దున్నువానికి వ్యాయామమేల?” యని పట్టణవాసులు కొందరు ప్రశ్నించుచుందురు. ఏతము తొక్కి నీరు తోడిన నాడు, రోకటితో ధాన్యము దంచిన నాడు, సంతకు క్రోసులకొలది నడచిన నాడు ఈ ప్రశ్నకు బలముండెను. నేడు నాగలికి మారు ట్రాక్టరు, ఏతమునకు మారు విద్యుత్తు మోటారు, రోటికి మారు మిల్లు, కాలినడకకు మారు మోటారు సైకిలు వచ్చినవి. యంత్రమును మేము నిందింపము. శ్రమ తగ్గుట శుభమే. కాని శ్రమ తొలగినచోట ఆట వచ్చి చేరలేదు. అదియే మా చింత.

దేశమున మధుమేహ రోగులు పదికోట్లకు మించియున్నారని భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలనము 2023లో వెల్లడించినది. ఇది పట్టణపు వ్యాధియని పల్లె నిశ్చింతగా నుండ వీలులేదు. పెద్దలు వారమునకు 150 నిమిషములైనను, పిల్లలు దినమునకు 60 నిమిషములైనను దేహమునకు పని చెప్పవలెనని ప్రపంచారోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. దినమంతయు వంగి నాట్లు వేసిన కూలివనితకు ఈ ఉపదేశము పరిహాసమే. ఆమెకు వలసినది విశ్రాంతి, కడుపునిండ కూడు. మేము చెప్పునది అరుగుపై పేకాడు యువకునిగూర్చి, బడి విడిచినంతనే ఇంట బందీయగు బాలికనుగూర్చి.

పల్లెలో శక్తి లేదా? మల్లవీరుడు కోడి రామమూర్తి వీరఘట్టమున జన్మించెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలందు కాంస్యపతకము గెలిచి, ఆ ఘనతనందిన తొలి భారత మహిళయైన కరణం మల్లీశ్వరి ఆముదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగినది. లేనిది శక్తి కాదు, స్థలము.

ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించుచున్నది. గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగింపుడని 2011లో జగపాల్ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు రాష్ట్రప్రభుత్వముల నాదేశించినది. చట్టము మన పక్షముననే యున్నది, అడుగువారే కొరత.

పఠనాలయమున ఈ పత్రిక చదువు సోదరులారా! మీలో స్వగ్రామము లేనివారెందరు? సంక్రాంతికి ఊరు చేరినపుడు గ్రామసభలో మూడు మాటలు గట్టిగా నడుగుడు. ఆటస్థలమును కొలిపించి హద్దురాళ్లు నాటింపుడు. బడి మైదానమును సాయంకాలము ఊరికి తెరిపింపుడు. అందొక గంట ఆడుపిల్లలకే విడిపింపుడు. చెడుగుడునకు గీత చాలును, ధనమక్కరలేదు. ఊరిబిడ్డయు వాడబిడ్డయు ఒక్క బరిలో కూతపెట్టిననాడు బలపడునది దేహమొక్కటియే కాదు.