జోనంగిని టేపుతో కొలవకండి

రావులపాలెంలో పందెం కోడి కొనేవాణ్ణి గమనించండి. డేగా, కాకా, నెమలా అని రంగు అడుగుతాడు, నిజమే. కానీ అంతటితో జేబులో చెయ్యి పెట్టడు. దీని తండ్రి ఏ బరిలో నిలిచింది, తల్లి ఎవరింట్లోది, దెబ్బ తగిలాక వెనక్కి తిరిగిందా అని పది ప్రశ్నలు వేస్తాడు. ఒంగోలు గిత్తయినా అంతే. మూపురం, గంగడోలు, కాళ్ల పొందిక చూశాక బండ లాగించి మరీ చూస్తారు. అదే మనిషి కుక్కపిల్ల దగ్గరకొచ్చేసరికి సెల్‌ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు పంపేస్తాడు. తల్లి ఏం చేసేది, తండ్రి ఏం చేసేది అన్న ఒక్క ప్రశ్న ఉండదు. ఇది నాకు కడుపుమంట. ఎందుకంటే మన నీళ్లలో, మన బురదలో తరాల తరబడి పనిచేసిన కుక్క ఒకటుంది. దాని ఊసెత్తేవాడు లేడు.

ఆ కుక్క పేరు జోనంగి. కొల్లేటి పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. ఒకప్పుడు తూర్పు తీరం పొడవునా ఉండేదని చెబుతారు. ఇప్పుడు కొల్లేరు సరస్సు చుట్టూ అక్కడక్కడా మిగిలింది. మధ్యరకం ఎత్తు, ఒంటికి అతుక్కున్నట్టుండే సన్నటి పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, వీపు మీదికి చుట్టుకున్న తోక. మిగతా కుక్కల్లా మొరగదు, గొంతు సాగదీసి ఊళకీ కూతకీ మధ్య ఒక శబ్దం చేస్తుంది. నేల తవ్వి గుంట చేసుకుని అందులో పడుకుంటుంది. చేపా పీతా తిని బతకగలదు. ఒక మనిషిని నమ్మిందంటే ఆ మనిషినీ ఆ ఇంటినీ తప్ప మరొకరిని లెక్కచెయ్యదు.

దాని అసలు పని బాతుల మందను కాయడం. దాళ్వా మాసూళ్లయ్యాక ఒకసారి సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటి వెళ్తూ అలాంటి కుక్కను చూశాను. కోసిన చేలో బాతులు రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటున్నాయి. కుక్క వాటి వెంటపడలేదు. గట్టు పట్టుకుని దూరంగా చుట్టి వచ్చి, కాలవ వైపు మూలలో ఆగి తల దించింది. అంతే, మంద మొత్తం మెడలు సాచి ఇటు తిరిగింది. ఒక బాతు మాత్రం తప్పించుకుని బోదెలోకి దిగింది. కుక్క కూడా దిగి, దాన్ని దాటి ఈది, అవతలి ఒడ్డున అడ్డంగా నిలబడింది. నోరు పెట్టలేదు. కాపరి చేతికర్ర కదల్లేదు, నాలుకతో చిన్న చప్పుడు చేశాడంతే. కరవదా అని అడిగితే, "కరిసేదాన్ని మేం ఉంచుకోమండి. బాతు బెదిరిందంటే గుడ్డు మానేస్తాదండి, ఆయ్" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎన్ని తరాల ఏరివేత ఉందో ఆలోచించండి. నోరు ఆగనిదాన్ని ఉంచుకోలేదు. మందను చెదరగొట్టినదాన్ని ఉంచుకోలేదు. మధ్యాహ్నం ఎండకు చతికిలబడినదాని పిల్లలను ఎవరూ అడగలేదు. బురద అంటినా ఆరగానే రాలిపోయే ఆ పొట్టి వెంట్రుక, నీళ్లలో దిగినా బరువెక్కని ఆ ఒళ్లు, ఇవి ఎవరో కూర్చుని గీసిన బొమ్మలోంచి వచ్చినవి కావు. పని నిలబెట్టిన రూపం అది. చదువురాని కాపరులు చేసిన ఎంపిక అది. దానికి ఇంతవరకూ ఒక్క దండ పడలేదు.

ఆ తర్వాత జరిగింది అన్యాయం. 1970ల నుంచి కొల్లేటిలో చేపల చెరువులు లేచాయి. బాతుల పెంపకం సన్నగిల్లింది, కుక్కకు పని పోయింది. పనిలేని కుక్కలు ఊళ్ల మీద పడి గొర్రెల జోలికీ మేకల జోలికీ పోతే కొట్టి చంపారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. గూడబాతులకు లెక్కలు కట్టారు, చేపకు నష్టపరిహారాల గొడవలు నడిచాయి. ఆ సరస్సు ఒడ్డున పుట్టిన కుక్క గురించి ఎవరు గొంతెత్తారు? 2005లో తపాలాశాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ జాతుల పేర్లు చదివారు. చిప్పిపారై ఉంది, కన్ని ఉంది, కొంబై ఉంది. మనది లేదు. కర్ణాటక వాళ్లు బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ముధోల్ కోసం పరిశోధన కేంద్రమే పెట్టుకున్నారు, ఆ కుక్క సైన్యం దాకా వెళ్లింది. తమిళనాడు ప్రభుత్వం సైదాపేటలో తన కుక్కలను తానే పెంచింది. మనకేం తక్కువైంది?

ఇప్పుడిప్పుడే కొంతమంది ఔత్సాహికులు జోనంగి కోసం వెతుకుతున్నారు. సంతోషమే. నా భయం కూడా అక్కడే మొదలవుతుంది. వాళ్లలో చాలామంది అడిగేది ముడతలు బాగా ఉన్నాయా, తోక ఎన్ని చుట్లు తిరిగింది, చాక్లెట్ రంగు దొరుకుతుందా అని. ముడతలే అందమని ముడతలున్నదాన్ని ముడతలున్నదానితో కట్టిస్తూ పోతే ఏమవుతుందో చైనా షార్‌పైని చూస్తే తెలుస్తుంది. రెప్పలు లోపలికి మడతపడి వెంట్రుకలు కంటిని గీరుతుంటే ఆపరేషన్లు చేయించాల్సి వస్తోంది. జర్మన్ షెపర్డ్ సంగతీ అంతే. 1899లో దానికి సంఘం పెట్టిన మాక్స్ ఫన్ స్టెఫానిట్స్‌కు గొర్రెల దగ్గర పనే ముఖ్యం. తరువాత ప్రదర్శనల కోసం పెంచిన శాఖల్లో నడుము వెనక్కి వాలిపోయింది. అంత దూరం ఎందుకు, మన పుంగనూరు ఆవునే చూడండి. మెట్టలో కొద్దిపాటి మేతతో చిక్కటి పాలిచ్చిన ఆవది. ఇవాళ ఎంత పొట్టిగా ఉంటే అంత ధర. పూటకు ఎన్ని పాలిస్తుందని అడిగేవాడు అరుదైపోయాడు.

బ్రిటన్ గొర్రెల కాపరులు మాత్రం మొండిగా నిలబడ్డారు. 1873లో వేల్స్‌లోని బాలాలో గొర్రెల కుక్కలకు పోటీ పెట్టారు, 1906లో సంఘం కట్టుకున్నారు. బోర్డర్ కోలీ విలువ గొర్రెల దగ్గరే తేలాలన్నారు. చెవి నిలబడిందా వాలిందా అన్నది వాళ్లకు పట్టలేదు. 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ జాతిని అందాల వరుసలోకి తీసుకుంటే పనివాళ్లు గట్టిగా పోట్లాడారు. ఫిన్లండ్‌లో స్పిట్జ్ కుక్క ఎంత అందంగా ఉన్నా అడవిలో వేట పరీక్ష నెగ్గకపోతే చాంపియన్ కాదు.

ఒంటి తీరు అక్కర్లేదని నేననడం లేదు. భుజం సరిగా లేని కుక్క గట్ల మీద రోజంతా తిరగలేదు. తుంటి కీలు వదులైతే రెండేళ్లకే కుంటుతుంది. పాదం పగిలేదైతే మోళ్ల మీద నడవలేదు. ఇవి చూడాలి, కఠినంగానే చూడాలి. కానీ చూడవలసినవి ఇవే. ఇప్పుడు మిగిలి ఉన్నవే కొద్దిపాటి కుక్కలు. తెల్ల మచ్చ ఉందనో, తోక సగమే చుట్టుకుందనో పని తెలిసిన కుక్కను పక్కన పెట్టేస్తే దాంతోపాటు దాని తెలివీ పోతుంది. మిగిలిన నాలుగింటినే వాటిలో వాటికి కట్టిస్తూ పోతే రోగాలు దిగుతాయి. పోయిన రంగును ఎక్కడో వెతికి తెచ్చుకోవచ్చు. మందను చూసి ఎక్కడ ఆగాలో తెలిసిన బుద్ధిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

కొల్లేటికి దగ్గర్లోనే, గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఆ అధ్యాపకులకు నా విన్నపం ఇది. పల్లెపల్లెకూ వెళ్లి జోనంగులను నమోదు చెయ్యండి. ఆ కాగితం మీద మొదటి గడి ఎత్తు కాకూడదు, రంగు కాకూడదు. ఏం పని చేస్తుంది, ఎవరి దగ్గర నేర్చింది, తల్లీతండ్రీ ఏం చేశాయి, అవి ముందు రాయండి. కాళ్లూ కీళ్లూ పళ్లూ కళ్లూ ఆ తర్వాత పరీక్షించండి. మిగిలిన బాతుల కాపరులను పిలిచి కుర్చీలు వేసి కూర్చోబెట్టండి, మంచి కుక్కంటే ఏమిటో వాళ్ల నోటితో చెప్పించి రాసుకోండి. ఈ జాతికి ప్రమాణం రాసే హక్కు ముందు వాళ్లది. పోటీ పెట్టాలనుకుంటే ఏ.సి. హాల్లో తివాచీ మీద వద్దు. దాళ్వా కోతలయ్యాక కైకలూరు దగ్గర ఒక చేను అడిగి తీసుకోండి. బాతుల మందను దింపి, ఒక కాలవ దాటించమనండి. ఒక్క బాతు కూడా బెదరకుండా దాటించిన కుక్కకు, దాని చెవులు ఎలా ఉన్నా సరే, బహుమతి ఇవ్వండి. మీరు పిలిస్తే రావులపాలెం నుంచి మేమూ వస్తాం.